లీజు సొసైటీది, పర్మిట్ పుస్తకం ఎవరిది? బొర్రా కాల్సైట్ గనులు: ఒక కేస్ స్టడీ

అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ కొండల్లో కాల్సైట్ ఉంది. తెల్లగా పలకలు పలకలుగా విరిగే ఈ రాయి పెయింట్లకు, రబ్బరుకు, పింగాణీకి, చివరికి కోళ్ల దాణాకు కూడా కావాలి. అవే కొండల మీద కొండదొర, బగత, కోటియా, కొంధు తెగలవాళ్లు చోళ్లు, సామలు, వలిసెలు పండించుకుంటారు. అదంతా గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందకు వచ్చే ప్రాంతం. అప్పట్లో విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఈ కొండల్లో ప్రభుత్వం గిరిజనేతరులకు, కంపెనీలకు లీజులు ఇచ్చింది. ఆ లీజులు చెల్లవంటూ ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1995లో హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పు చెప్పింది. కె. రామస్వామి, ఎస్. సగీర్ అహ్మద్‌లది మెజారిటీ. జి.బి. పట్నాయక్‌ది భిన్నాభిప్రాయం.

గిరిజనులను గనుల్లో భాగస్వాములను చేయడం గురించి తెలుగునాట మాట్లాడాలంటే ఈ కేసు దగ్గర మొదలుపెట్టక తప్పదు. అయితే చాలా వ్యాసాలు తీర్పు దగ్గరే ఆగిపోతాయి. తీర్పు తేల్చింది లీజు ఎవరి పేరున ఉండాలన్న ఒక్క ప్రశ్న. గని ఎవరి చేతిలో ఉంటుందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మూడు వస్తువుల్లో దొరుకుతుంది: గ్రామసభ మినిట్స్ పుస్తకం, లీజు తీసుకున్న గిరిజన సహకార సొసైటీ చెక్కుబుక్కు, గని నుంచి ఖనిజం బయటికి పంపే రవాణా పర్మిట్ పుస్తకం. ఈ మూడూ ఊళ్లో ఉంటే గని ఊరిది. ఒక్కటి కాంట్రాక్టరు జీపులోకి చేరినా మిగిలిన రెండూ ఎక్కువ కాలం నిలవవు.

తీర్పు ఏం ఇచ్చింది

వ్యాజ్యానికి ఆధారం 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ. ఏజెన్సీలో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది దీన్నే. షెడ్యూల్డు ప్రాంతంలో ఏ ‘వ్యక్తి’ అయినా భూమిని గిరిజనుడికి గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప మరెవరికీ బదలాయించకూడదని అది చెబుతుంది. మరి ప్రభుత్వం తన భూమిని లీజుకిస్తే? ప్రభుత్వం కూడా ఆ నిబంధన దృష్టిలో ‘వ్యక్తే’ అని మెజారిటీ తేల్చింది. గిరిజనేతరులకు, కంపెనీలకు, భాగస్వామ్య సంస్థలకు ఇచ్చిన గనుల లీజులు చెల్లవంది. లీజు రెన్యువల్ కూడా కొత్తగా ఇవ్వడం కిందే లెక్క కాబట్టి అదీ కుదరదంది.

తవ్వకానికి రెండు దారులు మాత్రం వదిలింది. ఒకటి ఏపీఎండీసీ (రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ) లాంటి ప్రభుత్వ సంస్థ. రెండోది గిరిజనులు లేదా వాళ్ల సహకార సంఘం. వీటితో పాటు ఒక షరతు పెట్టింది: నికర లాభంలో కనీసం 20 శాతాన్ని శాశ్వత నిధిగా పక్కన పెట్టి నీళ్లు, బడి, ఆసుపత్రి, పారిశుద్ధ్యం, రోడ్లకు వాడాలి. అడవి పెంపకానికి, పర్యావరణ రక్షణకు చేసే ఖర్చు ఈ 20 శాతంలోకి రాదు, అది వేరు.

దీని పరిమితి కూడా తెలిసి ఉండాలి. తీర్పు నిలబడింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనల మాటల మీద. 2001లో బాల్కో (ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ వాటాల అమ్మకం) కేసులో సుప్రీంకోర్టు మరో ధర్మాసనం సమతా మెజారిటీ తీర్పుపై గట్టి సందేహాలే వ్యక్తం చేసింది. ఛత్తీస్‌గఢ్‌లో, ఒడిశాలో ఎవరైనా సమతా తీర్పును చూపి లీజు రద్దు చేయమంటే ముందు అక్కడి భూచట్టం చదవాలి. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం వన్ ఆఫ్ సెవెంటీ ఉన్నంతకాలం ఆ ఆధారం ఉంటుంది.

వదిలిన దారులే ఇరుకున పెట్టాయి

మొదటి దారిని అల్యూమినియం ముడి ఖనిజమైన బాక్సైట్‌కు వాడారు. లీజుదారు ఏపీఎండీసీ, తవ్విన ఖనిజం వెళ్లేది మైదానంలో ప్రైవేటు శుద్ధి కర్మాగారానికి. 2005 నుంచి అలా ఒప్పందాలు కుదిరాయి. 2015 నవంబరులో జీఓ 97 ద్వారా చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లు గనులకు మళ్లించాలనుకున్నారు. గిరిజనులు ఎదురుతిరిగారు, 2019లో ఆ జీఓ రద్దయింది. ఈలోగా మాకవరపాలెం దగ్గర అల్యూమినా కర్మాగారం కట్టడం అయిపోయింది, ఖనిజం మాత్రం రాలేదు. కర్మాగారం ముందు, సమ్మతి తర్వాత అన్న వరుసే తప్పు. వేల కోట్లు దిగాక గ్రామసభకు వచ్చే అధికారి అభిప్రాయం అడగడానికి రాడు, సంతకాల కోసం వస్తాడు.

రెండో దారి, అంటే గిరిజన సొసైటీ, కాల్సైట్, లేటరైట్ లాంటి చిన్న గనుల్లో వాడుకలోకి వచ్చింది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటించింది. కాల్సైట్, లేటరైట్ రెండూ అందులో ఉన్నాయి. దీనివల్ల పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చే 1996 పంచాయతీ చట్టం) 4(కె) నేరుగా వర్తిస్తుంది: చిన్నతరహా ఖనిజానికి అన్వేషణ అనుమతి గానీ, లీజు గానీ ఇచ్చే ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. బాక్సైట్ లాంటి పెద్ద ఖనిజానికి ఈ క్లాజు లేదు. అక్కడ చేతిలో ఉండేవి అటవీ హక్కుల చట్టం, భూసేకరణ చట్టం 41వ సెక్షను, పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. ఏ ఖనిజానికి ఏ చట్టం పట్టుకోవాలో తెలియక తప్పు కాగితంతో పోరాడి ఓడిపోయిన ఊళ్లు ఉన్నాయి.

4(కె)లో ‘లేదా’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి. గ్రామసభ అడగకుండా పంచాయతీ తీర్మానంతో సరిపెట్టే సందు అదే.

గ్రామసభ: ఎక్కడ చెడుతుంది

సమతా కేసులో బొర్రా రిజర్వు అడవి, దాని చుట్టూ ఉన్న 14 గ్రామాల ప్రస్తావన ఉంది. పంచాయతీ కేంద్రంలో ఒకే సభ పెడితే, గనికి ఆనుకుని ఉన్న గూడెం జనం అందులో ఏ మూలకో పడిపోతారు. రోడ్డు పక్క ఊరికి టిప్పర్లు వస్తే టీకొట్టు నడుస్తుంది. కొండ మీది గూడేనికి అవే టిప్పర్ల వల్ల గెడ్డ (కొండవాగు) బురదవుతుంది. ఈ ఇద్దరినీ ఒకే సభలో కూర్చోబెట్టి చేతులెత్తమంటే ఎక్కువ మంది ఉన్నవాళ్ల మాటే నెగ్గుతుంది. పెసా చట్టం 4(బి) గ్రామం అంటే తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునే ఒక ఆవాసం లేదా ఆవాసాల సముదాయం అని చెబుతుంది. కాబట్టి సభ ఆవాసాల వారీగా జరగాలని ముందే రాతపూర్వకంగా అడగాలి. తర్వాత అడిగితే ‘సభ అయిపోయింది’ అంటారు.

తారీఖు రెండో సమస్య. ఇటుకల పండుగ రోజుల్లో, సంత రోజున, చోడి కోతల్లో సభ పెడితే వచ్చేది ఖాళీగా ఉన్నవాళ్లే. ఆడవాళ్లు అసలు రారు. గెడ్డ నుంచి నీళ్లు తెచ్చేది ఆడవాళ్లు. ఏ నెలలో ఊట తగ్గుతుందో, ఏ రాయి కింద నీళ్లు ఎండాకాలంలోనూ ఉంటాయో వాళ్లకు తెలిసినట్టు భూగర్భ శాఖ నివేదికలకు తెలియదు. అటవీ హక్కుల చట్టం కింద జరిగే గ్రామసభకు మొత్తం సభ్యుల్లో కనీసం సగం కోరం ఉండాలి, హాజరైనవాళ్లలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలుండాలి. గని మీద జరిగే ఏ సభకైనా ఈ కొలతే పెట్టుకుంటే మేలు.

మూడోది మాట. లీజును ‘అద్దె’ అని అనువదించడం ఏజెన్సీలో చాలా కాలంగా ఉన్న అలవాటు, చాలా నష్టం చేసిన అలవాటు. అద్దెకిచ్చిన పొలం గడువు తీరాక పొలంగానే తిరిగొస్తుంది. లీజుకిచ్చిన కొండ గొయ్యిగా తిరిగొస్తుంది. సభలో ఈ తేడా చెప్పకుండా తీసుకున్న ఒప్పుదలకు విలువ లేదు. తెలుగు సరిగా రాని గూడెంలో కొంధుల భాష కువి గానీ ఆదివాసీ ఒరియా గానీ మాట్లాడే మనిషి అనువదించాలి. ఆ మనిషి కంపెనీ తరఫు మనిషి కాకూడదు. మాటలకు బదులు చూపించడం ఇంకా మంచిది. సభకు వారం ముందు ప్రతి ఇంటి నుంచి ఒకరిని దగ్గర్లో నడుస్తున్న లేదా వదిలేసిన క్వారీకి తీసుకెళ్లి గట్టు మీద నిలబెడితే చాలు. ప్రతిపాదిత లీజు నాలుగు మూలల్లో సున్నం పూసిన రాళ్లు పాతి, జనం ఆ గీత వెంట ఒకసారి నడవాలి. మ్యాపులో 4.9 హెక్టార్లు అన్నది కాళ్లకు తెలిశాకే మనసుకు తెలుస్తుంది. అది పన్నెండు ఎకరాల పైమాట.

ఆ 4.9కి ఒక కారణం ఉంది. లీజు విస్తీర్ణం 5 హెక్టార్లు దాటకుండా చూసుకుంటే పర్యావరణ అనుమతిలో ప్రజాభిప్రాయ సేకరణ తప్పించుకోవచ్చని ఒకే కొండను ముక్కలు చేసి దరఖాస్తులు పెడతారు. 2016 జనవరి నోటిఫికేషన్ ప్రకారం ఒకదానికొకటి 500 మీటర్ల లోపు ఉన్న లీజులను ఒక క్లస్టరుగా కలిపి చూడాలి. పక్కపక్కనే రెండు మూడు సొసైటీల పేర్లు కనిపిస్తే వాటి హద్దుల మధ్య దూరం కొలిచి, ఆ కొలతను అభ్యంతర పత్రంలో రాయాలి.

ఇక మినిట్స్ పుస్తకం. మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే, అదీ చాలా తేలిక పద్ధతుల్లో. పింఛన్ల సభకో, ఉపాధి హామీ సభకో వచ్చినవాళ్లు పెట్టిన సంతకాల షీటును గని తీర్మానం వెనుక కుట్టేస్తారు. తీర్మానం చివరి వాక్యానికీ మొదటి సంతకానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదులుతారు, తర్వాత ఆ ఖాళీలో ‘అన్ని అనుబంధ పనులకు కూడా సమ్మతి’ అని ఒక వాక్యం చేరుతుంది. వేలిముద్రల పక్కన పేర్లుండవు. వీటికి మందు కూడా అంత తేలికే. పేజీ నంబర్లు అచ్చేసిన పుస్తకం వాడండి. ప్రతి పేజీ మీద తారీఖు, ఆవాసం పేరు రాయండి. తీర్మానం చివరి అక్షరం పక్కనే గీత కొట్టి మూసేయండి. సంతకాలు అదే పేజీలో మొదలవ్వాలి. ప్రతి వేలిముద్ర పక్కన పేరు, ఇంటి పేరు, ఏ చేతి బొటనవేలో రాయాలి. తీర్మానాన్ని జనానికి చదివి వినిపించాక, ‘చదివి వినిపించగా విని ఒప్పుకున్నాము’ లేదా ‘ఒప్పుకోలేదు’ అన్న వాక్యాన్ని ఆఖర్న చేర్చాలి. సభ అయ్యాక అక్కడికక్కడే ఫోన్లలో పేజీలు ఫొటో తీసి, ఒక ప్రతిని ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఆ తర్వాత పుస్తకంలో ఒక్క అక్షరం మారినా దొరికిపోతుంది.

‘వద్దు’ అన్న తీర్మానాన్ని కూడా ఇంతే జాగ్రత్తగా రాయాలి. వద్దని చెప్పి, రాయకుండా ఇళ్లకు వెళ్లిపోయిన సభ ఫైలులో ‘అభ్యంతరాలు రాలేదు’ అని నమోదవుతుంది.

నియమగిరి: సభ ఎలా జరగాలో చూపిన నెల

బొర్రాకు ఉత్తరాన రాయగడ, కలహండి జిల్లాల నడుమ నియమగిరి. అక్కడి డొంగ్రియా కొంధులకు ఆ కొండ నియమరాజు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు అక్కడివాళ్ల అటవీ, మతపరమైన హక్కుల సంగతి గ్రామసభలు తేల్చాలని, ఆ నిర్ణయాలను బట్టి బాక్సైట్ తవ్వకంపై కేంద్రం తుది మాట చెప్పాలని ఆదేశించి, సభలకు జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారిని పరిశీలకుడిగా పెట్టమంది. ఒడిశా ప్రభుత్వం వందకు పైగా ఉన్న ఊళ్లలో 12 మాత్రమే ఎంచుకుంది: రాయగడలో 7, కలహండిలో 5. ఆ ఎంపిక మీద విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శ. అయినా జూలై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసేవరకు పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ఆ ప్రతిపాదనను తిరస్కరించింది.

పనిచేసేవాళ్లు దీంట్లో చూడాల్సింది ఫలితం ఒక్కటే కాదు, సభల ఏర్పాటు కూడా. ఒక్కో ఊరికి ఒక్కో రోజు, సభ ఊళ్లోనే, ఆవాసం స్థాయిలో. మైకు పట్టుకున్నవాడి కంటే పుస్తకం పట్టుకున్నవాడి మీద నిఘా ఎక్కువ. బయటివాళ్ల ఒత్తిడి లేకుండా చూసే బాధ్యత ఒక న్యాయాధికారి మీద ఉంది. ఇవేవీ ఖరీదైనవి కావు. ఒక మండలంలో పది సభలు ఇలా జరపడానికి పట్టేది రెండు వారాలు, ఒక జీపు. నియమగిరి అడుగున లంజిగఢ్‌లో కూడా శుద్ధి కర్మాగారం గనికి సమ్మతి రాకముందే కట్టేశారని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మాకవరపాలెం కథ కొత్తదేమీ కాదు.

సొసైటీ చేతిలోంచి గని జారే చోటు

ఊరు ఒప్పుకుంది, తవ్వుకోవాలనుకుంది అనుకుందాం. అది కూడా ఊరి హక్కే. గిరిజనులు గని నడపలేరన్న మాటను మేం ఒప్పుకోం. నడపలేకపోవడానికి కారణం తెలివి కాదు, పెట్టుబడి వరుస.

మొదటి టన్ను అమ్మేలోగా సొసైటీ పెట్టాల్సిన ఖర్చులు చూడండి. సర్వే, జీపీఎస్ కోఆర్డినేట్లతో స్కెచ్, అర్హత ఉన్న వ్యక్తితో మైనింగ్ ప్లాన్, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకూ నడపడానికీ రెండు వేర్వేరు సమ్మతులు, లీజు డీడ్ రిజిస్ట్రేషన్, గనుల భద్రత డైరెక్టరేట్‌కు ప్రారంభ నోటీసు, అర్హత ఉన్న మేనేజరు, బ్లాస్టరు, పేలుడు పదార్థాల ఏర్పాటు, కొండెక్కే రోడ్డు. ఇదంతా ఏళ్లు పడుతుంది, ఈ ఏళ్లలో రాబడి సున్నా. సొసైటీ సభ్యత్వ రుసుము వందల్లో ఉంటుంది. ఆ మధ్యలో ఒకాయన వస్తాడు. ‘ఖర్చులన్నీ నేను చూసుకుంటా, మీరు సంతకం పెట్టండి’ అంటాడు. వన్ ఆఫ్ సెవెంటీ తలుపు మూస్తే, ఆయన కిటికీలోంచి వచ్చినట్టు.

ఆయన తెచ్చే కాగితం పేరు రైజింగ్ కాంట్రాక్టు, అంటే లీజుదారు తరఫున ఖనిజం తవ్వి తీసే ఒప్పందం. అందులో నాలుగు క్లాజులు వెతకాలి. ఒకటి, రద్దు చేయడానికి వీల్లేని జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. రెండు, ఖనిజమంతా కాంట్రాక్టరుకే, అతను చెప్పిన ధరకే అమ్మాలన్న షరతు. మూడు, ముందు పెట్టిన ఖర్చులను వడ్డీతో సహా ‘అడ్వాన్సు’గా చూపి, అది తీరేదాకా ఒప్పందం కొనసాగుతుందన్న మాట. వడ్డీ లెక్క కాంట్రాక్టరు పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి అది ఎప్పటికీ తీరదు. నాలుగు, పర్మిట్ల దరఖాస్తు, ఆన్‌లైన్ లాగిన్, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు కాంట్రాక్టరువి. ఈ నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు. పర్మిట్ పుస్తకం ఇప్పుడు ఆ ఫోన్ నంబరులోనే ఉంది.

20 శాతం నిధి ఎలా ఆవిరవుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఈ అంకెలు మార్కెట్ రేట్లు కావు, పద్ధతి తెలియడానికి మాత్రమే. ఏడాదికి 10,000 టన్నులు, ఘాట్ కింద ధర టన్నుకు 1,200 రూపాయలు. తవ్వకం, రవాణా, సీనరేజి (తీసిన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) అన్నీ కలిపి టన్నుకు 950. సొసైటీ ఆఫీసు, అకౌంటెంటు, సమావేశాల ఖర్చు ఏడాదికి 7 లక్షలు. సొసైటీ స్వయంగా అమ్మితే టన్నుకు 250 చొప్పున 25 లక్షలు మిగులు, ఆఫీసు ఖర్చు పోను 18 లక్షలు. అందులో 20 శాతం 3 లక్షల 60 వేలు. అదే కాంట్రాక్టరు టన్నుకు 100 ‘ఫీజు’ ఇస్తే సొసైటీకి వచ్చేది 10 లక్షలు, ఖర్చు పోను 3 లక్షలు, 20 శాతం అంటే 60 వేలు. అదే కొండ, అదే రాయి, ఊరి నిధి మాత్రం ఆరో వంతు. చట్టాన్ని ఉల్లంఘించారని కాగితం మీద ఎక్కడా కనిపించదు. అందుకే ఒప్పందంలో నిధిని నికర లాభం మీద కాకుండా టన్నుకు ఇంత అని కూడా రాయించుకోవాలి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఖర్చును ఎంతైనా పెంచి చూపొచ్చు, టన్నును కాటా మీద తూచొచ్చు.

అయినా బాధ్యత మాత్రం సొసైటీదే. 1952 గనుల చట్టం దృష్టిలో లీజుదారు ‘యజమాని’. కాంట్రాక్టరు ఉన్నాడన్న కారణంతో యజమాని బాధ్యత తప్పదు. ప్రమాదం జరిగితే, అనుమతికి మించి తవ్వితే నోటీసు వచ్చేది సొసైటీ అధ్యక్షుడి ఇంటికి. అనుమతి లేకుండా తీసిన ఖనిజానికి దాని విలువంతా రాబట్టవచ్చని 1957 గనులు, ఖనిజాల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 21(5) చెబుతుంది. 2017 ఆగస్టులో ఒడిశా గనుల కేసులో సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం విలువ వసూలు చేయమంది. సంతకం పెట్టిన మనిషికి ఈ సంగతి సంతకానికి ముందే చెప్పాలి. పవర్ ఆఫ్ అటార్నీ అడిగితే ఏడాది గడువుతో, ఒక్కో పనికి విడిగా ఇవ్వాలి. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి, ఒకరు మహిళ అయితే మంచిది. పెట్టుబడి కోసం ఐటీడీఏ, ట్రైకార్ (గిరిజన ఆర్థిక సహకార సంస్థ) తలుపులు ముందుగా తట్టాలి. అక్కడ ఆలస్యమైనా వడ్డీ పుస్తకం ప్రైవేటు చేతిలో ఉండదు.

తాడు, టేపు, బకెట్టు

ఎంత తవ్వారో ఊరివాళ్లే కొలవొచ్చు. పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

గొయ్యి పైభాగం, అడుగుభాగం రెండూ కొలిచి సగటు తీసుకోవాలి. గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి పైన కొలతే వాడితే లెక్క ఎక్కువొస్తుంది. సగటు పొడవు 40 మీటర్లు, వెడల్పు 25, లోతు 6 అనుకుంటే 6,000 ఘనపు మీటర్లు. కాల్సైట్ సాంద్రత 2.7 కాబట్టి 16,200 టన్నుల రాయి తీశారన్నమాట. అందులో మూడో వంతు పైమట్టి, పనికిరాని రాయి అని డంపు చూసి తేల్చితే (మట్టి కాల్సైట్ కంటే తేలిక కాబట్టి ఇది ఉజ్జాయింపే) ఖనిజం 10,800 టన్నులు. పర్మిట్ల మీద పోయింది 6,500 టన్నులు అనుకుందాం. మిగిలిన 4,300 ఎక్కడ?

కుప్పలో ఉందంటారు. కుప్ప చుట్టూ తాడు వేయండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని ఎత్తుతో గుణించి, 38తో భాగిస్తే శంకువు ఆకారం కుప్ప ఘనపరిమాణం వస్తుంది. చుట్టుకొలత 38 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు ఉంటే 152 ఘనపు మీటర్లు. విడి రాయి ఘనపు మీటరుకు సుమారు 1.6 టన్నులు తూగుతుంది కాబట్టి ఆ కుప్ప 243 టన్నులు. ఇంకా నాలుగు వేల టన్నులకు పైగా లెక్క తేలాలి. ఈ కొలత పదో పన్నెండో శాతం అటూ ఇటూ ఉండొచ్చు. తేడా ఇంత పెద్దదైనప్పుడు అది అడ్డం కాదు. మూడు నెలలకోసారి కొలిచి మినిట్స్ పుస్తకంలో రాసి, మైన్స్ అసిస్టెంట్ డైరెక్టర్‌కు కాపీ పంపిన సొసైటీ, రేపు నోటీసు వస్తే తాను కళ్లు మూసుకు కూర్చోలేదని చూపించగలదు. ఘాట్ దిగే ప్రతి టిప్పరు నంబరు, సమయం రాసుకోవడానికి మలుపు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు చాలు. రాత్రి పూట తిరిగే బండ్ల వరుస ఆ నోటుబుక్కులోనే బయటపడుతుంది.

నీళ్ల లెక్క ఇంకా ముఖ్యం, అది గని మొదలవ్వకముందే చేయాలి. బొర్రా గుహలే సాక్ష్యం, ఈ సున్నపురాయి కొండల్లో నీరు రాతి పగుళ్ల వెంట, లోపలి బొరియల వెంట నడుస్తుంది. మామూలు నేలలో బావి నీరు మెల్లగా తగ్గుతుంది. ఇక్కడ ఒక బ్లాస్టింగ్‌తో పగులు దారి మారితే మూడు తరాలుగా తాగిన ఊట వారంలో ఆగిపోవచ్చు, లేదా పాలలా తెల్లబడొచ్చు. అప్పుడు ‘ఎండల వల్ల’ అంటారు. ఆ మాటకు బదులు చెప్పడానికి అంకె కావాలి. 15 లీటర్ల బకెట్టును ఊట కింద పెట్టి నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూడండి. 50 సెకన్లు పడితే నిమిషానికి 18 లీటర్లు, రోజుకు 25,920 లీటర్లు. మనిషికి 55 లీటర్ల చొప్పున అది 470 మందికి సరిపడే నీరు. నెలకోసారి, ఒకే తారీఖున, ఒకే రాయి దగ్గర, ఏడాది పొడవునా కొలిచి గోడ మీద రాయాలి. ఏప్రిల్, మే కొలతలు అన్నిటికంటే విలువైనవి. లీజు షరతుల్లో ‘ఊట ప్రవాహం అదే నెల పాత కొలత కంటే నాలుగో వంతు తగ్గితే కారణం తేలేవరకు పేలుళ్లు ఆపాలి’ అని గ్రామసభ తీర్మానం ద్వారా చేర్పించాలి. పర్యావరణ అనుమతి నివేదికల్లో ‘సమీపంలో నీటి వనరులు లేవు’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. పేరు లేని గెడ్డ మ్యాపులో ఉండదు కాబట్టి. ప్రతి ఊటకూ ఊరివాళ్లు పిలిచే పేరుతో, జీపీఎస్ అంకెలతో ఒక జాబితా చేసి అభిప్రాయ సేకరణ రోజున దాఖలు చేస్తే ఆ వాక్యం నిలవదు.

నిధి, ఆ తర్వాత గొయ్యి

20 శాతం నిధినీ జిల్లా ఖనిజ నిధినీ కలిపేయకూడదు. 1957 చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి జిల్లాలో గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాలన్నిటికీ. దాని ఖర్చు ప్రణాళికకు షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభ ఆమోదం కావాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి ముఖ్య అవసరాలకు 2015 మార్గదర్శకాలు కనీసం 60 శాతం అన్నాయి, 2024లో దాన్ని 70కి పెంచారు. సమతా తీర్పు చెప్పిన 20 శాతం ఆ గని లాభంలోంచి వచ్చేది. దాన్ని విడి బ్యాంకు ఖాతాలో పెట్టి, పాస్‌బుక్ ఎంట్రీలను ఏడాదికి రెండుసార్లు గ్రామసభలో చదవాలి. ‘మీ రోడ్డు జిల్లా నిధితో వేశాం కదా’ అని చెప్పి గని నిధిని తగ్గించే పద్ధతిని మొదటిసారే ఆపకపోతే రెండోసారి అదే ఆనవాయితీ అవుతుంది.

పైమట్టిని మొదటి రోజునుంచే వేరుగా పోయించాలి. కొండ మీది నాలుగైదు అంగుళాల నల్లమట్టి రాళ్ల డంపు కింద పడితే, గని మూసేనాటికి మొక్క నాటడానికి మట్టి ఉండదు. ఆ మట్టి కుప్పను రెండు మీటర్ల ఎత్తు దాటనివ్వకుండా, వాన నీటికి కొట్టుకుపోకుండా చుట్టూ రాతికట్ట వేసి, పైన ఉలవలు చల్లించాలి. మెత్తని మట్టి గోడలను 1.5 మీటర్లకు మించని మెట్లుగా కోయాలని మెటాలిఫెరస్ గనుల నిబంధనలు చెబుతాయి. ఆ మెట్లు తవ్వకం భద్రతకు, రేపు మొక్కలకు కూడా. పొక్లెయిన్ నడిపేవాడికి నిలువుగా కోయడం సులువు, అందుకే ప్రతి నెలా ఎవరో ఒకరు వెళ్లి టేపు పెట్టి చూడాలి.

మూసివేత ప్రణాళిక మైనింగ్ ప్లాన్‌లో భాగంగానే ఉంటుంది, కానీ దాన్ని ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. లీజు డీడ్‌తో పాటు ఆ పేజీలను తెలుగులో రాయించి మినిట్స్ పుస్తకానికి అతికించాలి: గొయ్యి ఏ లోతు దగ్గర ఆగుతుంది, నీరు నిల్వ ఉంచుతారా పూడుస్తారా, కంచె ఎవరు వేస్తారు, ఆ పనికి డబ్బు ఏ ఖాతాలో ఉంది. చివరి ఏడాది లాభం చేతికొచ్చాక అడిగితే కాంట్రాక్టరు ఫోను ఎత్తడు. అందుకే మూసివేత డిపాజిట్టును మొదటి టన్ను నుంచే టన్నుకు ఇంత చొప్పున కోసి, సొసైటీ, గ్రామసభ కార్యదర్శి ఉమ్మడి సంతకాల ఖాతాలో వేయించాలి. గొయ్యి గట్టు మీద మొక్కలు రెండు వానాకాలాలు నిలిచాయని గ్రామసభ స్వయంగా చూసి తీర్మానం చేశాకే ఆ డబ్బు కదలాలి.